చిటపటల వెనక పాట

గ్రామఫోన్ రికార్డు అంటే చిటపటలాడాల్సిందే అని చాలామంది అనుకుంటారు. సినిమాలో పాతరోజులు చూపించాలంటే ముందు ఆ చప్పుడు వినిపిస్తారు, ఆ తర్వాతే పాట మొదలవుతుంది. కంప్యూటర్లో తయారైన కొత్త పాటలకి కూడా కావాలని ఆ చప్పుడు కలిపేవాళ్లున్నారు. నాకు మాత్రం అది చెవిన పడగానే చెయ్యి బ్రష్ కోసం వెతుక్కుంటుంది. పాట వేరు, దాని మీద పేరుకున్న మురికి వేరు, మురికిని వదిలిస్తే పాట ఇంకా అక్కడే ఉంటుందని నాకు నేర్పింది మా పెదనాన్న.

ఆయన సంగీతం నేర్చుకున్నవారు కాదు, ఇంజినీరూ కాదు. రోజంతా ఉద్యోగం చేసి వచ్చి, ఒక రికార్డు పెట్టుకుని కూర్చునే మనిషి. కానీ ఆ కూర్చోవడానికి ముందు జరిగే తతంగం చూడటానికి పిల్లలందరం ఆయన గది గుమ్మం దగ్గర చేరేవాళ్లం.

రికార్డులు ముట్టుకోవద్దని ఆయన మమ్మల్ని ఎప్పుడూ అనలేదు. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రమ్మనేవారు. తర్వాత ఎలా పట్టుకోవాలో చూపించేవారు. అట్ట కవరుని పొట్టకి ఆనించి కొంచెం నొక్కితే దాని నోరు విచ్చుకుంటుంది. అప్పుడు లోపలి కాగితం కవరుతో సహా రికార్డుని అరచేతిలోకి జార్చాలి. బొటనవేలి మొదలు అంచుకి ఆనాలి, మిగతా వేళ్ల కొసలు మధ్యలో లేబుల్ కింద ఉండాలి. గాడులున్న నల్లటి భాగానికి చర్మం తగలకూడదు. చేతులు ఎంత శుభ్రంగా ఉన్నా చర్మానికి సహజంగా ఉండే నూనె అంటుకుంటుంది. ఆ నూనె దుమ్ముని పట్టి ఉంచుతుంది. నా చెయ్యి చిన్నది, అలా ఒంటిచేత్తో అందేది కాదు. "అమ్మలూ, రెండు అరచేతుల మధ్య పట్టుకో. అంచులు మాత్రమే" అనేవారు. నేను ఊపిరి బిగపట్టి పట్టుకుంటే, "ఊపిరి తీసుకోమ్మా, దానికేం కాదు" అని నవ్వేవారు.

గాలి పొడిగా ఉన్న రోజుల్లో కాగితం కవరులోంచి రికార్డు లాగుతుంటే ఆయన ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడేవి. మాకు అదో మేజిక్. వినైల్ ప్లాస్టిక్‌ని దేనితో రుద్దినా, దేన్నుంచి లాగినా దాని మీద స్టాటిక్ విద్యుత్తు పోగవుతుందని, అది గదిలో తేలే దుమ్మునంతా తన వైపుకి లాక్కుంటుందని ఆయన చెప్పేవారు. అందుకే దుమ్ము కనబడింది కదా అని పొడి బట్ట తీసుకుని గట్టిగా తుడిస్తే లాభం లేకపోగా నష్టం. తుడిచినకొద్దీ స్టాటిక్ పెరుగుతుంది, వదిలిన దుమ్ము నిమిషంలో మళ్లీ వచ్చి వాలుతుంది.

ఇంట్లో అంతకంటే పాత రికార్డులు కూడా ఉండేవి. తాతయ్యవి. నిమిషానికి 78 సార్లు తిరిగేవి, ఒక పక్కకి మూడు నిమిషాల పాట పట్టేవి. చేతిలోకి తీసుకుంటే బరువు, కింద పడితే ముక్కలు. అవి ప్లాస్టిక్ కావు, లక్క. లక్క పురుగు చెట్టు కొమ్మల మీద వదిలే జిగురుని శుద్ధి చేసి, అందులో మెత్తటి రాతిపొడి కలిపి చేసినవి. ఆ పొడి ఎందుకంటే, గాడిలో నడిచి పాట వినిపించే ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అరిగి గాడి ఆకారానికి సరిపోవాలి. అరిగేది ముల్లే కాబట్టి ప్రతి పక్కకీ కొత్త ముల్లు మార్చాలి. పాతది మళ్లీ వాడితే దాని మొన రికార్డుని చెక్కేస్తుంది. చిన్న రేకు డబ్బాలో ముళ్లు గలగలమంటుంటే ఒకటి ఏరి ఇవ్వడం నా పని. మా తాతయ్య చేత్తో కీ ఇచ్చి తిప్పిన ఆ పెట్టె అప్పటికే మూలపడింది. పెదనాన్న తన ప్లేయర్‌లోనే, ఆ గాడులకి సరిపోయే లావు మొన ఉన్న వేరే ముల్లు పెట్టి వాటిని వినేవారు. పాత ఉక్కు ముళ్లు మాత్రం తీసి పారెయ్యలేదు.

ఆ లక్క రికార్డుల దగ్గర ఆయనకి ఒకే ఒక్క భయం ఉండేది, స్పిరిట్. తెలిసినవాళ్లింట్లో ఒకాయన రికార్డు మెరవాలని దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాడట. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, చెక్కసామానుకి వేసే పాలిష్ కూడా అలా కరిగించి చేసేదే. దూది నల్లగా వచ్చింది, ఆయన మురికి వదులుతోందనుకుని ఇంకా తుడిచాడు. వదిలింది మురికి కాదు, రికార్డు. ఆ పాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ వినలేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు పెదనాన్న గొంతులో కోపం ఉండేది కాదు, పోయిన మనిషి గురించి చెప్తున్నట్టు ఉండేది.

ఆయన సొంతంగా కొనుక్కున్నవన్నీ ఎల్పీలే, అంటే ఎక్కువసేపు పాడే లాంగ్ ప్లే రికార్డులే. 1948లో కొలంబియా కంపెనీ వాటిని తెచ్చాక రికార్డు వినడమనే పనే మారిపోయింది. నిమిషానికి 33⅓ చుట్లు, పక్కకి ఇరవై నిమిషాలకి పైగా సంగీతం. మరుసటి ఏడాదే ఆర్‌సీఏ విక్టర్ వాళ్లు 45 చుట్ల చిన్న రికార్డులు తెచ్చారు. అంతసేపు సంగీతం పట్టాలంటే గాడి బాగా సన్నబడాలి. ఎల్పీ గాడి వెడల్పు సుమారుగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒక పక్క మొత్తం గాడిని విప్పి సాగదీస్తే నాలుగొందల మీటర్లు దాటుతుంది. ఇది లెక్కలు నేర్చుకునే వయసులో పెదనాన్న నా చేత కాగితం మీద కట్టించారు. ఇరవై నిమిషాలకి ఎన్ని చుట్లు, సగటు చుట్టు పొడవెంత, రెండూ గుణిస్తే ఎంత. జవాబు చూసి నేను నమ్మలేదు. "అంత దారిలోనూ ఒక్క నలుసు అడ్డం రాకూడదు మరి" అన్నారు. ఆ మాట తర్వాత నేను ఏ రికార్డునీ మునుపటిలా చూడలేదు.

ఆ దారిలో నడిచే వజ్రం మొన మీద పడే బరువు రెండు గ్రాములు, కొన్నిటికి ఇంకా తక్కువ. రెండు గ్రాములంటే ఏముందనిపిస్తుంది. కానీ ఆ మొన గాడి గోడలకి ఆనే చోటు ఎంత చిన్నదంటే, అక్కడి ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. దారిలో గట్టి ఇసుక రేణువు లాంటిది ఉంటే మొన దాన్ని ప్లాస్టిక్‌లోకి నొక్కేస్తుంది. ఆ తర్వాత ఎంత కడిగినా ఆ గుంట పోదు. అందుకే రికార్డు విన్నాక తుడుద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోయినట్టే.

పెదనాన్న దగ్గర మొదట్లో మఖమలు ప్యాడ్ ఉండేది, తర్వాత కార్బన్ ఫైబర్ బ్రష్ వచ్చింది. దాని కుచ్చులు నల్లగా, మెత్తగా, ఇంటి ఊడ్పు బ్రష్‌లతో పోలికే లేకుండా ఉండేవి. ప్లేయర్ తిరుగుతుండగా ఆ కుచ్చుల్ని రికార్డు మీద అలా ఆనించి, చెయ్యి కదపకుండా ఒకటి రెండు చుట్లు తిరగనిచ్చేవారు. దుమ్ము సన్నటి బూడిదరంగు గీతగా ఒకచోట చేరేది. అప్పుడు బ్రష్‌ని మెల్లగా అంచు వైపుకి జరుపుతూ, ఆ గీతని చెదరనివ్వకుండా బయటికి తీసుకుపోయేవారు. కార్బన్ విద్యుత్తుని ప్రవహింపజేస్తుంది కాబట్టి స్టాటిక్ కూడా చేతిలోంచి పోతుంది. ఆ గీత అంచు దాటే క్షణం కోసం మేం కళ్లార్పకుండా చూసేవాళ్లం. కొత్తగా వచ్చిన మా చిన్న తమ్ముడొకడు ఒకసారి చప్పట్లు కొట్టాడు కూడా.

ముల్లుకి కూడా అంతే శ్రద్ధ. చిన్న కుచ్చు బ్రష్‌తో వెనక నుంచి ముందుకి, అంటే ముల్లుని మోసే ప్లేయర్ చెయ్యి (టోన్‌ఆర్మ్) మొదలు నుంచి కొస వైపుకి, ఒకే దిశలో మెత్తగా. ఎదురు తుడిస్తే సన్నటి కడ్డీ వంగిపోతుంది, పక్కకి తుడిచినా అంతే. ముల్లు మొనకి పట్టిన పీచు తీసేశాక వచ్చే శబ్దం, అంతకుముందు వచ్చిన శబ్దం పక్కపక్కన వింటే తప్ప ఆ తేడా నమ్మలేం. తలుపు తీసినట్టు గొంతు ముందుకి వస్తుంది.

నా చెవికి అసలు చదువు అక్కడే మొదలైంది. రికార్డు పెట్టి ఆయన అడిగేవారు, "ఈ చప్పుడు ఎక్కడిది?" ఒకే టక్కు మళ్లీ మళ్లీ సమానంగా వస్తుంటే గీత పడిందన్నమాట. 33⅓ చుట్ల రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది, కాబట్టి గాడులకి అడ్డంగా పడిన గీత ప్రతి 1.8 సెకన్లకీ వినబడుతుంది. ఎక్కడపడితే అక్కడ, లయ లేకుండా చిటచిటమంటే దుమ్ము. పొడిరోజుల్లో ఉన్నట్టుండి ఒక పెద్ద పటుక్కు వస్తే స్టాటిక్. ఇవేవీ కాకుండా గాయకుడు గొంతు పెంచినప్పుడల్లా ఆ గొంతుతో కలిసి గరగరమంటే గాడి అరిగిందో, ముల్లు అరిగిందో చూసుకోవాలి. చిటపటలు ఒక్క స్పీకర్లోనే వస్తున్నాయంటే అందులో కూడా అర్థం ఉంది. స్టీరియో గాడికి రెండు గోడలు, లోపలి గోడలో ఎడమ స్పీకర్ ధ్వని, బయటి గోడలో కుడిది. ఎటు చప్పుడు ఎక్కువో అటు గోడకి మురికి పట్టింది. చాలామంది పిల్లలు రాగాలు గుర్తుపట్టడం నేర్చుకునే వయసులో నేను మురికి గుర్తుపట్టడం నేర్చుకున్నాను. అదీ సంగీతం వినడమే అని నా నమ్మకం. చప్పుడుని విడిగా వినగలిగిన చెవికి దాని వెనకున్న పాట కూడా విడిగా వినబడుతుంది.

ఇంకో సంగతి ఆయన చెప్పగా తెలిసింది. రికార్డు చేసేటప్పుడు మంద్రస్వరాల్ని తగ్గించి, పై స్వరాల్ని పెంచి గాడిలో చెక్కుతారు. వినేటప్పుడు ఆంప్లిఫయర్ దానికి సరిగ్గా ఎదురు చేస్తుంది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అనేదానికి 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ ప్రమాణం వచ్చింది. మంద్రాన్ని తగ్గించడం వల్ల గాడి మరీ వెడల్పవదు. వినేటప్పుడు పై స్వరాలు తగ్గుతాయి కాబట్టి వాటితోపాటు రికార్డు పైపొర రాపిడి చప్పుడూ తగ్గుతుంది. అంటే రికార్డు చేసినవాళ్లు కూడా ఆ చప్పుడు వినబడకూడదనే కోరుకున్నారు. అందుకే చిటపటలే అందం అనేవాళ్లతో నేను ఒప్పుకోలేను.

నీళ్లతో కడగడం సెలవురోజు పని. పొడి బ్రష్ పైనున్న దుమ్మునే తీస్తుంది, వేలిముద్రలు, సిగరెట్ పొగ, బూజు లాంటివి దానికి లొంగవు. మామూలు కుళాయి నీళ్లు పనికిరావు, ఆరాక వాటిలోని లవణాలు గాడిలోనే ఉండిపోతాయి. డిస్టిల్డ్ వాటర్, అందులో రంగూ వాసనా లేని సబ్బుద్రవం ఒక చుక్క. సబ్బు చుక్క ఎందుకని అడిగితే ఆయన ఖాళీ నీళ్లు రికార్డు మీద ఒక బొట్టు వేసి చూపించారు. బొట్టు గుండ్రంగా నిలబడి ఉంది, గాడిలోకి దిగలేదు. సబ్బు కలిపిన నీళ్ల బొట్టు పక్కన వేస్తే వెంటనే పరుచుకుని లోపలికి దిగిపోయింది. లేబుల్‌కి తడి తగలకుండా, మెత్తటి బ్రష్‌తో గాడుల వెంట గుండ్రంగా తోమాలి, అడ్డంగా తోమకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో సబ్బు మొత్తం పోయేదాకా కడగాలి. సబ్బు మిగిలితే అదే కొత్త మురికి. పీచు వదలని బట్టతో అద్ది, నిలబెట్టి ఆరబెట్టాలి. పూర్తిగా ఆరాక కొత్త లోపలి కవరులోనే పెట్టాలి. కడిగిన రికార్డుని పాత కవరులో పెడితే కడిగిన పనంతా వృథా. ఇప్పుడు నీళ్లని గొట్టంతో పీల్చే మెషీన్లు, అల్ట్రాసోనిక్ తొట్లు వచ్చాయి, బాగా పనిచేస్తాయి కూడా. చెక్క జిగురు పూసి పొరలా ఊడదీసేవాళ్లూ ఉన్నారు. ఆ ధైర్యం నాకు లేదు.

ఒక సాయంత్రం రికార్డులు ఆరుతుండగా ఆయన వాయేజర్ కథ చెప్పారు. 1977లో పంపిన ఆ రెండు అంతరిక్ష నౌకల్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు ఉందని, దానితోపాటు ముల్లు, దాన్ని బిగించే కార్ట్రిడ్జ్ కూడా పెట్టారని, ఎలా తిప్పాలో కవరు మీద బొమ్మలు గీశారని. నిమిషానికి 16⅔ చుట్లు. నా బెంగల్లా ఒకటే, అక్కడ దాని మీద దుమ్ము ఎవరు తుడుస్తారు? అందుకే అల్యూమినియం కవరు వేశారమ్మా అని ఓదార్చారు.

తర్వాత రోజులు అందరికీ తెలిసినవే. క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి. చాలా ఇళ్లలో రికార్డులు అటకెక్కాయి. ఒకదాని మీద ఒకటి దొంతిగా పేర్చి, పైన ఇంకేవో మూటలు పెట్టి, ఎండకి వేడెక్కే కప్పు కింద వదిలేశారు. ప్లాస్టిక్ మెత్తబడి, గిన్నెల్లా వంగిపోయిన రికార్డులు నేను చాలా చూశాను. పెదనాన్న మాత్రం వినడం తగ్గించిన రోజుల్లో కూడా వాటిని బీరువాలో నిటారుగా, ఒరగకుండా, మరీ ఇరుగ్గా లేకుండా నిలబెట్టే ఉంచారు. తడి తగలని గోడవైపు. బయట వేసిన ప్లాస్టిక్ తొడుగులు తీసేయించారు. కొన్నిరకాల పీవీసీ తొడుగుల్లోంచి వచ్చే పదార్థం రికార్డుకి పట్టి మబ్బులాంటి మరకలు తెస్తుంది, అవి పోవు.

ఇప్పుడు ఆయన చెయ్యి వణుకుతోంది. ముల్లు దించడం కష్టమైపోయింది. ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మలూ, వచ్చి ఇవన్నీ పట్టుకుపో. వినడానికి నేనే మీ ఇంటికొస్తా" అన్నారు. అలా ఆ బీరువా మొత్తం నా దగ్గరికి వచ్చింది.

మొదట నేను కడిగింది ఒక వేణువు రికార్డు. చిన్నప్పటి నుంచీ దాని మీద మా అందరికీ ఒకటే అభిప్రాయం, రికార్డింగే సరిగ్గా లేదని. మొదటి నుంచి చివరి దాకా వెనక ఏదో వేగుతున్నట్టు చప్పుడు. ఆయన కూడా దాన్ని అరుదుగా తీసేవారు. వెలుతురులో వంచి చూస్తే నల్లటి మెరుపు మీద సన్నటి తెర ఉంది, బూజో పొగో తెలియలేదు. కడిగిన నీళ్లు టీ రంగులోకి మారాయి. మరుసటి రోజు ముల్లు దించాను. చప్పుడు లేదు. ప్రతి స్వరగుచ్ఛం ముందు వాయిద్యకారుడు తీసుకునే ఊపిరి వినబడింది. మంద్రంలో వేలు రంధ్రం మూసే మెత్తటి తాకిడి వినబడింది. రెండో పక్క నడుమ ఎవరో కాగితం తిప్పారు. ఆ గదిలో ఇంకో మనిషి ఉన్నారని ఇన్నేళ్లూ మాకు తెలియనే తెలియదు.

పెదనాన్న వచ్చి విన్నప్పుడు కాగితం తిప్పిన చోట చెయ్యెత్తి ఆపమన్నారు. "వెనక్కి పెట్టు" అన్నారు. పెట్టాను. మళ్లీ విన్నారు. "ఇదెప్పుడూ వినలేదే నేను" అన్నారు. తర్వాత ఏ నీళ్లు వాడానో, ఎంతసేపు నానబెట్టానో, బ్రష్ ఏదో వరసగా అడిగారు. సబ్బు ఎన్ని చుక్కలంటే ఒకటే అని చెప్పాక తృప్తిపడ్డారు.

అన్నీ అలా తేరుకోవు. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన వయొలిన్ రికార్డు ఉంది. మొదట్లో ఆయన దగ్గరున్న ప్లేయర్ పాత సిరామిక్ కార్ట్రిడ్జ్‌ది, దాని ముల్లు ఐదారు గ్రాముల బరువుతో నడిచేది. ఇష్టమైనదే ఎక్కువసార్లు వింటాం కదా, ఎక్కువ అరిగిందీ అదే. పక్క చివరికి వచ్చేసరికి మరీ కష్టం. రికార్డు బయటి అంచు దగ్గర గాడి సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్ల వేగంతో ముల్లు కింద సాగుతుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే. అదే సంగీతం సగంకన్నా తక్కువ చోటులో ఇరుక్కోవాలి. ఆ రాగం తారస్థాయికి చేరేది సరిగ్గా అక్కడే, ప్రతి స్వరం గరగరమంటుంది. మళ్లీ మళ్లీ కడిగాను. మధ్యలో చిటపటలు పూర్తిగా పోయాయి, గరగర మాత్రం అలాగే ఉంది. అది మురికి కాదు, గోడలే అరిగాయి.

దీనికి ఒక దారి ఉంది. పాత ముల్లు మొన గుండ్రంది, గాడి గోడ మీద అది ఒకే ఎత్తులో అరగదీసింది. మొన ఆకారం వేరుగా ఉన్న ముల్లు, గోడకి సన్నగా పొడుగ్గా ఆనేది పెడితే, పాత ముల్లు తాకని భాగాన్ని అది చదవగలదు. అన్నిసార్లూ ఫలితం ఉండదు, కానీ కొన్ని రికార్డులు నిజంగా తేరుకుంటాయి. అలాంటిది ఒకటి తెప్పించాను. పెదనాన్నకి చెప్తే, నేను వచ్చేదాకా బిగించకు అన్నారు. ఈ రకం ముల్లు కోణం ఏమాత్రం తేడా వచ్చినా లాభం ఉండదని ఆయన టెన్షన్. "స్క్రూలు నువ్వు తిప్పు, కోణం చూసే అట్ట మీది గీతకి సరిగ్గా వచ్చిందో లేదో నేను చూస్తా" అన్నారు.

ఆదివారం వస్తున్నారు. ఈలోపు ఆ వయొలిన్ రికార్డు ఇంకోసారి కడిగి ఆరబెట్టాలి. లోపలి కవరు కూడా మార్చాలి, పోయినసారి పెట్టింది అంచున చిరిగింది.